కడుపు కోశారు, నాలుక కోయలేదు

"రుచిగ ఉండేది కావాలె," అన్నది జయమణి.

ఇంద్రసేన చేతిలోని పేపరు దించి చూశాడు. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఎదురు సందులో అతని దుకాణం. గోడల మీద చొక్కాల్లేని మగవాళ్ల బొమ్మలు, అరల నిండా బిందెలంత డబ్బాలు. కసరత్తు చేసేవాళ్లు తప్ప ఆ మెట్లు ఎక్కేవాళ్లు లేరు. ఇప్పుడు ఎక్కి వచ్చిన మనిషికి నలభై మూడేళ్లు. తొంభై కిలోల పైన ఉంటుంది. పాత కొలతకు కుట్టిన చుడీదార్ భుజాల మీంచి జారిపోతోంది. నుదుటి పైన జుట్టు పలచబడి మాడు కనిపిస్తోంది. చంకలో ఆఫీసు బ్యాగు.

"రుచా? అమ్మా, గిది మిఠాయి దుకాణం కాదు. ప్రోటీన్ బార్ బాడీ కోసం తింటరు, నోటి కోసం కాదు. మీ అబ్బాయికా?"

"నాకే."

అతను ఆమెను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. ఆ చూపు జయమణికి కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా బస్సుల్లో, ఆఫీసులో, చర్చిలో, పెళ్లి భోజనాల్లో చూస్తూనే ఉంది. ఈ ఒంటికి ఇంకా తిండా, అనే చూపు. ఇదివరకైతే తల దించుకునేది. మూడు నెలల కిందట కడుపుతో పాటు ఆ అలవాటునూ కోయించుకుంది.

అది రెండువేల ఎనిమిది. బరువు తగ్గడానికి కడుపు కోసే ఆపరేషన్ గురించి ఊళ్లో అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులు. నాంపల్లిలో సర్కారు దఫ్తరులో ఫైళ్లు మోసే జయమణి నూట పద్దెనిమిది కిలోలతో మెట్టు మెట్టుకూ ఏడ్చి, మోకాళ్లు పోయి, షుగరు వచ్చి, చివరికి ఆ బల్ల మీద పడుకుంది. కడుపులో ముప్పాతిక భాగం తీసేశారు. మిగిలింది అరటికాయంత సంచి. బరువు దిగుతోంది. దానితో పాటు జుట్టూ దిగుతోంది, ఒంట్లో సత్తువా దిగుతోంది. మొన్న దవాఖానలో, ఏం తినాలో ఎంత తినాలో చెప్పే మనస్విని అనే అమ్మాయి రక్త పరీక్ష కాగితం ముందు పెట్టి మొహమాటం లేకుండా చెప్పింది.

"రోజుకు అరవై గ్రాముల ప్రోటీన్ కావాలి మేడమ్. మీకు ముప్పై కూడా పోవట్లేదు. రెండు వారాల్లో మళ్లీ పరీక్ష చేస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే అడ్మిట్ చేసి, ముక్కులోంచి గొట్టం వేసి పోయాల్సి వస్తుంది."

పోతే కదా! గుడ్డు వాసనకే డోకు వస్తోంది. చికెన్ రెండో ముక్కకే గుండెల్లో రాయిలా అడ్డం పడుతోంది. పప్పు నాలుగు చెంచాలకే కడుపు నిండుతోంది గాని మనస్విని చెప్పిన అరవై నిండటం లేదు. ప్రోటీన్ పొడిని పాలల్లో కలుపుకుంటే తాగిన గ్లాసులోకే తిరిగొచ్చింది. ఇక మిగిలింది ఈ బార్. అరచేతిలో పట్టే ముక్కలో ఇరవై గ్రాములు. మందుల షాపులో దొరికిన నాలుగు రకాలు కొని చూసింది. నాలుగూ రెండో కొరుకుడుకే చెత్తబుట్టలో పడ్డాయి. వారం పోయింది. ఇంకో వారం ఉంది.

"ఆకలి రుచెరగదంటరమ్మా," అన్నాడు ఇంద్రసేన, పెద్దమనిషి తరహాలో. "ఆకలైతే గదే పోతది లోపటికి."

"నాకు ఆకలి కాదు."

"ఆఁ?"

"కడుపు కోసినప్పుడే ఆకలి పోయింది. పొద్దుగాల సంది ఏం తినకున్నా నాకు తెల్వది. ఆకలున్నోడు గడ్డైనా తింటడు సేట్. ఆకలి లేనిదానికి రుచి గూడ లేకపోతే ఏం జూసి తినాలె?"

ఇంద్రసేన వ్యాపారస్తుడు. వ్యాపారస్తుడు ఏం చేస్తాడో అదే చేశాడు. చేతికందిన బార్ తీసి గల్లా బల్ల మీద పెట్టాడు. "గిది మస్తు పోతది."

"రుచి ఎట్లుంటది?"

"నాకేం తెల్సు? నేను తినను గవి."

"తినకుండ ఎట్ల అమ్ముతున్నవ్?"

"గిట్లనే," అన్నాడు నిజాయితీగా.

"అయితే కోసి పెట్టు. తలా ముక్క చూస్త. మంచిగున్నది డబ్బా డబ్బా తీస్కపోత."

"సీల్ ప్యాకమ్మా! కోస్తే మిగిలింది ఎవడు కొంటడు?"

పక్కన డబ్బా కోసం వచ్చి నిలబడ్డ కండల మనిషి ఒకడు జాలి పడ్డాడు. "ఆంటీ, రుచి గిచి చూడొద్దు. నీళ్లు వోసుకొని మింగెయ్యాలె."

"తినేటప్పుడు నీళ్లు తాగొద్దన్నరు నాకు. తెల్వకుండ సలహాలియ్యకు బిడ్డా, నీ పొడి నువ్వు తీస్కపో." మళ్లీ ఇంద్రసేన వైపు తిరిగింది. "మోజంజాహి మార్కెట్‌ల మామిడిపండ్లోడు కోసి ముక్క నోట్ల పెడ్తడా లేదా? బేగంబజార్ల కాజు కొంటె నాలుగు పలుకులు చేతిల పోస్తడా లేదా? చీరెల దుకాణంల యాభై చీరెలు విప్పి పరుస్తరు, ఒక్కటి కొనకున్నా చాయ్ తాపి పంపుతరు. గీ ఊర్ల చూడకుండ కొనే సరుకు ఏదన్న ఉన్నదా? నువ్వే కొత్తగ తెచ్చినవా రివాజు?"

"అమ్మా, గవి పండ్లు..."

"గిది తిండి కాదా మరి? తిండి కాకపోతే బోర్డు మీద రాయి, తిండి కాదని. నేను పోత."

దిగలేదు. నిలబడింది. మొదటి అయిదు నిమిషాలు అతను పేపరు చదివినట్టు నటించాడు. ఆ తర్వాత ఇద్దరు కొనడానికి వచ్చి, గల్లాకు అడ్డంగా నిలబడ్డ ఆమెను చూసి మెట్ల మీదే ఆగిపోయారు. నిలబడటంలో జయమణికి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. నూట పద్దెనిమిది కిలోలతో సిటీ బస్సులో నిలబడ్డ మనిషి. తొంభై కిలోలతో ఒక దుకాణంలో నిలబడటం ఆమెకు విశ్రాంతి.

చివరికి ఇంద్రసేన నెత్తి కొట్టుకున్నాడు. పన్నెండేసి బార్ల డబ్బాలు. విప్పి అమ్మే పద్ధతి లేదు. విప్పాడు. జయమణి కళ్లజోడు పెట్టుకుని ట్యూబులైటు కింద నిలబడి, ప్రతి కాగితం మీదా చీమతలకాయంత అక్షరాలు చదివింది. ప్రోటీన్ తక్కువైనది పక్కకు. చక్కెర ఎక్కువైనది పక్కకు. చివరకు ఆరు రకాలు మిగిలాయి. వెనీలా, చాక్లెట్, స్ట్రాబెర్రీ, కొబ్బరి, కాఫీ, పల్లీ. రెండేసి చొప్పున పన్నెండు, ఒక ఖాళీ డబ్బాలో వేసి ఇచ్చాడు. డబ్బా మీద నిగనిగలాడే చాక్లెట్ బొమ్మ.

"వీటిల ఏది బాగుంటే గది చెప్పమ్మా," అన్నాడు. "నాకు గూడ తెలుస్తది."

ఇంటికి చేరేసరికి పొద్దు గూకింది. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక, రెండు గదుల కిరాయి పోర్షన్. భర్త రూఫస్ గన్‌ఫౌండ్రీలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. నెమ్మదస్తుడు. రేపు శుక్రవారం తమ ఇంట్లోనే ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన అని, అక్క పొద్దున్నే వస్తుందని గుర్తు చేశాడు. డబ్బా చూసి, "చీమలు పడ్తయ్," అని తీసుకెళ్లి ఇనుప అల్మారీలో చీరల మధ్య పెట్టాడు. మంచి ఉద్దేశంతోనే పెట్టాడు. ఆ రాత్రి నాలుగు చెంచాల పప్పుకే కడుపు నిండి, జయమణి రుచి చూడటం మర్నాటికి పెట్టుకుంది.

శుక్రవారం జయమణి పొద్దున్నే ఆఫీసుకు పోయింది. పర్మిషన్ పెట్టి రెండున్నరకు బయల్దేరి, స్టేషన్ పక్కగా నడుచుకుంటూ వచ్చింది. రెండుసార్లు ఆగాల్సి వచ్చింది, కళ్లు తిరిగి. తెచ్చిన బార్లు ఒక్కోటీ కొంచెం కొరికి చూద్దామన్న ఆశ ఒక్కటే కాళ్లను లాక్కొచ్చింది. గుమ్మం ముందు తొమ్మిది జతల చెప్పులు. లోపల ఆడపడుచు ఇవాంజెలిన్ గొంతు.

ఇవాంజెలిన్ రూఫస్‌కు అక్క. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు హెడ్మిస్ట్రెస్ చేసి రిటైరైంది. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే అధ్యక్షురాలు. ప్రార్థన మొదలుపెట్టిందంటే దేవుడికి కూడా మధ్యలో మాట్లాడే సందు ఇవ్వదు.

"ప్రభువా," అంటోంది. "కడుపు కోయించుకొనియు కోరికను కోయించుకొనలేని నీ కుమార్తెను జ్ఞాపకము చేసికొనుము. చీరెల మడతలలో మిఠాయి దాచుకొని తినుచున్న ఆ నాలుకను నీ స్వాధీనములోనికి తీసికొనుము."

"ఆమెన్," అన్నారు మోకాళ్ల మీదున్న ఎనిమిది మంది.

జయమణి గుమ్మంలో ఆగిపోయింది. ఎవరి గురించో అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత స్టీలు పళ్లెం కనిపించింది. అందులో విప్పిన ఆరు కాగితాలు, వేలి గణుపంత ముక్కలుగా కోసిన ఆరు బార్లు. ఆ సమాజంలో ఉపవాసం విడిచేటప్పుడు, ముగింపు ప్రార్థనకు ముందు, తలా ఒక తీపి ముక్క నోట్లో వేసుకుంటారు. ఆ తీపి ఎవరింట్లో ప్రార్థనైతే ఆ ఇంటిది. తీపి ఎక్కడుందా అని వెతికిన ఇవాంజెలిన్‌కు అల్మారీ దొరికింది. చాక్లెట్ బొమ్మ దొరికింది. అంత పెద్ద హెడ్మిస్ట్రెస్సు బొమ్మ చూసిందే గాని కింది అక్షరాలు చదవలేదు. మరదలి పాపాన్ని తలా కొంత తిని ఇంట్లోంచి ఖాళీ చేద్దామని ఆమె పథకం. ఒక్కో రకంలో ఒక్కోటి కోసింది. మిగతా ఆరూ ఇంటికి పట్టుకుపోవడానికి తన సంచి పక్కనే పెట్టుకుంది.

జయమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయింది. అంతలో పళ్లెం తిరగడం మొదలైంది. చూద్దాం, అనుకుంది. నోరు మూసుకుంది.

పొద్దున్నుంచి పచ్చి నీళ్లు ముట్టని ఆడవాళ్లు. ముక్క చేతిలో పడీ పడగానే నోట్లో వేసుకున్నారు. నమలబోయి ఆగారు.

"థూ!" అన్నది మొదట కాచిగూడ నుంచి వచ్చిన కోటేశ్వరమ్మ. "ఏందక్కా గిది? బట్టల సబ్బు లెక్కుంది!"

"నాది దగ్గు మందు," అన్నది వెనక నుంచి ఇంకొకామె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నాకు పండ్లకు పట్టుకుంది, వస్తలేదు. గోడలకు వెట్టే లప్పం తినిపిచ్చినవా ఇవాంజెలిన్?" ఈ మాట తబితది. డెబ్భై ఏళ్ల మనిషి, సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మాటకు మూత లేదు.

ఇవాంజెలిన్ కూడా నోట్లో వేసుకుంది. అధ్యక్షురాలు కనుక ఉమ్మలేదు. మింగనూ లేదు. బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఉమ్మెయ్ వదినా," అన్నది జయమణి లోపలికి వచ్చి. "సిగ్గు పడకు. ఆరు బార్లు కాదు, ఆరు రోజుల నా తిండి కోసినవ్."

అందరూ తిరిగి చూశారు. ఇవాంజెలిన్ రుమాలు అడ్డం పెట్టుకుని పని ముగించి, వెంటనే హెడ్మిస్ట్రెస్ అయిపోయింది. "తిండేంది? చాక్లెట్లు గద! అల్మారీల దాచిపెట్టినవ్."

"నీ తమ్ముడే పెట్టిండు, చీమలు వడ్తయని. చాక్లెట్ కాదు, దవాఖానల తినుమన్న ప్రోటీన్. కింద రాసుంది సూడు. పిల్లలకు ఒక్క అక్షరం తప్పితే బెత్తం తీసేదానివి."

"మందే అనుకో. మందైతే కండ్లు మూస్కొని మింగాలె. మందుకు రుచి చూస్తరా ఎవరన్నా? ఆరు రకాలా? ఇంత అయినంక గూడ నీకు రుచి గావాలెనా?"

అదీ అసలు మాట. మూడు నెలలుగా అందరి నోళ్లలో నానుతున్న మాట ఇప్పుడు బయటికొచ్చింది. ఇంత తిని ఒళ్లు పెంచావు. కోయించుకున్నావు. ఇక నీకు రుచి హక్కు లేదు. గడ్డి తిను, కృతజ్ఞతగా తిను.

"కావాలె," అన్నది జయమణి. "మందు ఒక్క గుటక. గిది రోజూ, బతికినన్ని దినాలు. మీరు పొద్దుగాల సంది పస్తున్నరు. మీ కడుపులు మొత్తుకుంటున్నయ్, నాకు వినబడ్తనే ఉంది. అంత ఆకలి మీద మీరే మింగలేకపోయిన్రు. గోడకు లప్పం అన్నరు, సబ్బన్నరు, ఉమ్మేసిన్రు. నాకు ఆకలే లేదు. నేను మింగాలెనట, పైనుంచి రుచి అడిగితె పాపమట. వచ్చే వారం రక్తంల బలం రాకపోతే ముక్కుల గొట్టం వెడ్తరు. నా ముక్కుల వెడ్తరా, మీ సమాజం ముక్కులనా?"

తబిత పళ్ల సందులోని ముక్కను నాలుకతో ఊడదీసుకుని అన్నది, "గొట్టం నేనేసిన, ఎంతో మందికి. ఏసేటప్పుడు నా చెయ్యి పట్టుకోని ఏడ్వనోడు లేడు. బిడ్డ అన్నది నిజం." కొంచెం ఆగింది. "గని గా కాఫీదుంది సూడు, గది పర్వాలే. ఇంకో ముక్కియ్యి."

కోటేశ్వరమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో గది సడలింది. ఆకలి మీదున్న ఆడవాళ్లకు పంచాయితీ దొరికితే ఆగుతారా? పళ్లెం చుట్టూ చేరారు. కొబ్బరిది రంపపు పొట్టన్నారు. స్ట్రాబెర్రీ ముట్టొద్దన్నారు. పల్లీది ఉప్పగా ఉందని మూతి తిప్పారు. కాఫీకి ఏడు చేతులు లేచాయి. ఇవాంజెలిన్ సందు దొరికిందని లేచింది.

"సరే, అందరు కాఫీ అంటున్నరు. గదే తీస్కో జయమణీ. ఒడిసిపోతది."

"మీరు తినేటందుకా, నేను తినేటందుకా?"

"మళ్ల ఏందే?"

"మీ నాలుకలు మీకు. నేను ఇంక ముట్టనే లేదు."

చేతులు కడుక్కుని వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్కో ముక్కా తీసి, నమిలి, ఆగి, కడుపు ఏమంటుందో విని, ఇంకోటి తీసింది. వెనీలాకు గొంతు మూసుకుంది. చాక్లెట్‌కు నోరు జిగురైంది. స్ట్రాబెర్రీని వాసన చూసి పక్కన పెట్టింది. కొబ్బరి పొడిపొడిగా దగ్గు తెప్పించింది. కాఫీ బాగానే ఉంది. బాగానే ఉంది అంటే తినొచ్చు అని. తినొచ్చు అన్న తిండి రేపు తినొచ్చు, ఎల్లుండి తినొచ్చు, పదో రోజుకు చెత్తబుట్టలో ఉంటుంది. ఆమెకు ఆ సంగతి తెలుసు.

చివర పల్లీది. ముందు ఉప్పు తగిలింది. తర్వాత వేయించిన పల్లీల మాడు వాసన ముక్కులోకి వచ్చింది. పంటి కింద పలుకులు చిట్లాయి. తీపి అన్నింటికంటే ఆలస్యంగా, ఎవరూ పిలవకుండా వెనక గుమ్మంలోంచి వచ్చినట్టు వచ్చింది. డోకు కోసం ఎదురు చూసింది. రాలేదు. గుండెల్లో రాయి కోసం ఎదురు చూసింది. అదీ రాలేదు. చెయ్యి రెండో ముక్క మీదికి పోయింది. తను పంపలేదు, అదే పోయింది. మూడు నెలల్లో మొదటిసారి నోరు తనంతట తాను ఇంకా కావాలని అడిగింది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమే అనుకున్నారు చూసినవాళ్లు.

"గదా?" అన్నది కోటేశ్వరమ్మ. "గా ఉప్పటిదా?"

"గిదే."

లేచి ఇవాంజెలిన్ సంచి పక్కనున్న డబ్బా తీసుకుంది. రెండో పల్లీ బార్, నిండుది, కాగితం చింపింది. మళ్లీ కుర్చీలో కూర్చుని కొరికింది.

"మూడున్నరైంది," అన్నది ఇవాంజెలిన్ గడియారం చూసి. "లేవుండ్రి. పరలోక ప్రార్థన చెప్పి ముగిద్దాం."

అందరూ లేచారు. లేచి ఇబ్బంది పడ్డారు. ఎందుకంటే ఆ ప్రార్థన అందరూ ఒక్క గొంతుతో చెప్పాలి, ముందు గొంతు ఇంటామెది కావాలి. అది అయితే తప్ప ఆశీర్వాదం లేదు. ఆశీర్వాదం అయితే తప్ప టీ లేదు, చెప్పులు తొడుక్కోవడం లేదు. ఆ పద్ధతి పెట్టింది కూడా ఇవాంజెలినే. ఇంటామె నోట్లో పల్లీలున్నాయి.

"జయమణీ, జల్ది మింగు."

జయమణి వేలు చూపించి ఆగమంది. నమిలింది. తీరిగ్గా మింగింది. "జల్ది మింగొద్దు వదినా. ముప్పై సార్లు నమలాలె. లేకుంటె అడ్డం పడ్తది. ఇరవై నిమిషాలు అయితది."

"ఇరవై నిమిషాలా! సగం పక్కకు పెట్టు, ప్రార్థన అయినంక తిను."

"పెట్టను."

"అందరు పస్తున్నరే!"

"ఔ. కూసోండ్రి. నా ఇంట్ల ఎవ్వరిని నిలబెట్టలే నేను."

తబిత మొదట కూర్చుంది. చాప మీద కాళ్లు చాపి, "తిననియ్యి ఇవాంజెలిన్," అన్నది. "నలభై ఏండ్లు దవాఖానల చేసిన. తిననోళ్లను బతిమిలాడిన గని, తినేటోళ్లను ఆపలే." కోటేశ్వరమ్మ కాచిగూడ బస్సు గురించి ఏదో గొణిగి తనూ కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. వంటింట్లో టీ గిన్నె మీద మీగడ కడుతోంది. స్టేషన్‌లో ఏదో బండి కదిలినట్టు కూత వినిపించింది. ఇవాంజెలిన్ ఒక్కతే నిలబడి ఉంది, బైబిలు రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, మరదలి దవడల వైపు చూస్తూ.

"అయ్యిందా?" అని అడిగింది చాలాసేపటికి.

"ఇంక సగముంది," అని జయమణి మళ్లీ కొరికింది.